పేరు గీకేసిన గిన్నె

మా పై అంతస్తు అమ్మాయి పోయిన నెల ఒక సాయంత్రం కాగితాల కట్ట గుండెకి హత్తుకుని మా యింటికొచ్చింది. ముఖం చూస్తే యింట్లో ఎవరికో ప్రాణంమీదికి వచ్చినట్టుంది. "ఏమైందే?" అన్నాను. "38 వచ్చింది ఆంటీ" అంది. జ్వరమైతే నూటమూడో నూటనాలుగో అనాలి. బరువైతే ఆ పిల్ల యెంత సన్నగా వున్నా అంతకంటే ఎక్కువే వుంటుంది. మార్కులైతే పాసయినట్టే కదా! కాసేపు తికమక పడ్డాక తెలిసింది, అది ఆ పిల్ల పి.హెచ్‌డి. సిద్ధాంతవ్యాసంలో వేరేవాళ్ళ మాటలు ఎన్ని వున్నాయో లెక్కకట్టిన శాతమని.

ఇప్పుడు విశ్వవిద్యాలయాలన్నిటా ఇదే తంతు. సిద్ధాంతవ్యాసాన్ని ముందు ఒక సాఫ్ట్‌వేరులో వేస్తారు. అది ఇంటర్నెట్టులో వున్నవాటితోనూ, తన దగ్గర దాచుకున్న పత్రికలతోనూ, పాత థీసిస్‌లతోనూ పోల్చి, కలిసిన వాక్యాలకి రంగులు పూసి, చివర ఒక అంకె వేసి యిస్తుంది. యూజీసీ వారు 2018 జూలైలో దీనికో చట్టమే చేశారు. 10 శాతం దాకా కలిస్తే పరవాలేదు. 10 దాటి 40 లోపయితే ఆరు నెలల్లోగా దిద్ది మళ్ళీ యివ్వాలి. 40 దాటి 60 లోపయితే ఏడాదిపాటు యివ్వటానికి వీల్లేదు. 60 దాటిందో, పేరే కొట్టేస్తారు.

"మీరు నవలలు రాస్తారు కదా ఆంటీ. కాస్త మాటలు మార్చి రాసిపెట్టరా? అర్థం మారకూడదు, మాట మాత్రం మారాలి. పది లోపుకి తేవాలి."

ఇన్నేళ్ళనుంచీ రాస్తున్నాను, నేనీ వుద్యోగానికి పనికొస్తానని ఎవరూ చెప్పలేదు. "ఇలా చెయ్యమని ఎవరు చెప్పారే నీకు?" అన్నాను. "మా గైడు సారే ఆంటీ!"

నాకు కోపమొచ్చింది. ఆ పిల్లమీద కాదు.

మన చిన్నప్పుడు స్టీలు గిన్నెలమీద పేర్లు కొట్టించేవారు, మీకు గుర్తుండే వుంటుంది. పెళ్ళికో పేరంటానికో నాలుగిళ్ళనుంచి గుండిగలూ పళ్ళాలూ తెచ్చుకునేవాళ్ళం. ఎవరి గిన్నె ఎవరిదో దానిమీది పేరే చెప్పేది. అరువు తెచ్చుకున్నందుకు ఎవరూ దొంగ అనేవారు కాదు. పైగా ఫలానావారి యింట్లో అంత పెద్ద గుండిగ వుందని నలుగురికీ తెలిసేది. అదే ఆ పేరు గీకేసి మన పేరు కొట్టించుకుంటే? అప్పుడది దొంగతనం. సందేహమేముంది!

మరి ఈ యంత్రం చేస్తున్న పనేమిటి? గిన్నెమీద పాత అక్షరాలు కనపడుతున్నాయా లేదా అని చూస్తోంది, అంతే. గిన్నె ఎవరిదని అడగదు. కనుక గైడుగారు పిల్లకి చెప్పిన దానికి సరయిన అర్థం ఏమిటంటే, "బాగా గీకవమ్మా, ఆనవాలు మిగలకుండా గీకు" అని! 38 శాతం వున్నప్పుడు ఆ పిల్ల అమాయకురాలు. నేను సాయం చేసి పదిలోపుకి తెస్తే ఆ పిల్లా దొంగ, నేనూ దొంగ. కానీ అప్పుడే చట్టం శభాష్ అంటుంది.

విచిత్రం చూడండి. అదే యూజీసీ చట్టంలో చౌర్యమంటే ఏమిటో చెప్పేచోట, ఇతరుల పనినిగానీ ఆలోచననుగానీ తీసుకుని తమదిగా చెప్పుకోవటం అని వుంది. ఆలోచననుగానీ! ఎంత సరయిన మాట. తీరా శిక్షల దగ్గరికి వచ్చేసరికి ఆలోచన ఎటుపోయిందో, మిగిలింది శాతం. వరసగా పద్నాలుగు మాటల దాకా యాదృచ్ఛికంగా కలిస్తే లెక్కలోకి రావట. ఎవరు ఎవరినుంచి గీకారో కనిపెట్టాలంటే చదువుకున్న మనిషి కూర్చుని చదవాలి. చదివే ఓపిక లేనిచోట కాటా పెట్టారు.

కాటా అంటే మనకి మహా యిష్టం కదా. ఇంటర్మీడియెట్టునుంచీ పిల్లల్ని "ఏం చదివావురా" అని అడిగిన తల్లులెందరు? "ఎంతొచ్చింది" అనే కదా అడిగాం. నన్ను కూడా కలుపుకునే అంటున్నాను. ఇంజనీరింగు ఆఖరి సంవత్సరంలో అమీర్‌పేటలో ప్రాజెక్టు రెడీగా దొరుకుతుందంటే డబ్బులు తీసిచ్చింది మనం కామా? కొనుక్కొచ్చిన ప్రాజెక్టుమీద పిల్లవాడు తన పేరు వేసుకుంటే, ఆ నల్ల అట్టమీది బంగారు అక్షరాలు చూసి మురిసిపోయి షోకేసులో పెట్టుకుంది మనం కామా? ఆ పిల్లలే పెద్దవాళ్ళయి యిప్పుడు గైడులయ్యారు.

నేనేదో లేని భూతాన్ని చూపించి భయపెడుతున్నానని అనుకోకండి. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక రసాయనశాస్త్ర ఆచార్యులవారు 2004, 2007 మధ్య విదేశీ పత్రికల్లో అచ్చువేసిన పత్రాల్లో 70కి పైగా కాపీ కొట్టినవో, కల్పించినవో అని 2008లో బయటపడింది. అమెరికా రసాయన శాస్త్రవేత్తల సంఘంవారి పత్రిక ఆ కథంతా అచ్చువేసింది. నాలుగేళ్ళలో డెబ్భై! నేను తలకిందులుగా తపస్సు చేసినా నాలుగేళ్ళలో నాలుగు నవలలు రాయలేను. ఇన్ని ఎలా రాస్తున్నారయ్యా అని ఆయన్ని పక్కగది ఆచార్యులొక్కరు అడిగినా సరిపోయేది. మాకు కూతవేటు దూరంలో, గచ్చిబౌలిలో వున్న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో 2016లో సాక్షాత్తూ వైస్ ఛాన్సలరుగారి మూడు వ్యాసాలమీదే ఈ ఆరోపణ వచ్చింది. పొరపాటు జరిగిందని ఆయన ఒప్పుకున్నట్టు పత్రికలు రాశాయి. జర్మనీలో యిదే నేరానికి 2011లో రక్షణమంత్రి డాక్టరేటూ పదవీ రెండూ పోగొట్టుకున్నాడు. 2013లో యింకొక మంత్రిణి అదే దారి పట్టింది. ఆవిడ చూసే శాఖ ఏమిటో తెలుసా? విద్య!

ఇన్ని పత్రాలు ఎందుకు రాస్తారంటే, అడుగుతారు గనక. 2010లో యూజీసీవారు అధ్యాపకుల పదోన్నతికి పాయింట్ల పద్ధతి పెట్టారు. పత్రానికిన్ని పాయింట్లు. పి.హెచ్‌డి. పిల్లలు థీసిస్ యివ్వాలంటే ముందొక పత్రం అచ్చయి వుండాలన్నారు. (2022లో ఆ నిర్బంధం తీసేశారు, అలవాటు మాత్రం పోలేదు.) గిరాకీ వుంటే దుకాణం వెలుస్తుంది. మన హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఓమిక్స్ అనే సంస్థ వందలకొద్దీ పత్రికలు పెట్టి, నిపుణులు పరీక్షించాకే అచ్చువేస్తామని చెప్పి, ఆ పరీక్షలేవీ సరిగా చెయ్యకుండా, రుసుముల సంగతి కూడా ముందు చెప్పకుండా వ్యాపారం చేస్తోందని అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి 2016లో దావా వేసింది. 2019లో అక్కడి న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. సైబరాబాద్ పేరు ప్రపంచమంతా మారుమోగాలని కోరుకున్నాం కానీ, యిలాక్కాదు.

మళ్ళీ మా పిల్ల దగ్గరికి వస్తాను. "మాటలు మార్చే పని నేను చెయ్యను. కానీ కాగితాలు వుంచు, చదువుతాను" అన్నాను. రెండు రాత్రులు చదివాను. మా మణికొండ మీదే ఆ పరిశోధన. ఊరు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాక ఆ వూరి ఆడవాళ్ళు ఏమయ్యారని. ఆ 38లో ముప్పాతికమువ్వీసం రెండో అధ్యాయంలో వుంది. ఇంతకుముందు ఎవరెవరు ఏమేమి రాశారో చెప్పే అధ్యాయమది. ఇంగ్లీషు వాక్యాలు పుస్తకాల్లోంచి ఎత్తి పెట్టింది. చివర జాబితాలో ఆ పుస్తకాల పేర్లన్నీ వున్నాయి. ఏ వాక్యం ఏ పుస్తకంలోదో మాత్రం ఎక్కడా లేదు.

"ఎందుకిలా చేశావే?" అని అడిగితే ఆ పిల్ల తలవంచుకుని ఒక మాట చెప్పింది. "నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం ఆంటీ. వాళ్ళు రాసినంత బాగా ఆ ఇంగ్లీషు నాకు రాదు. నా వాక్యం పక్కన పెడితే నాకే సిగ్గేసింది."

దీనికి నాకు జాలి వేసింది. ఇది చాలామంది పిల్లల కథ. పెళ్ళికి వెళ్ళాలి, మెడలో నగ లేదు, పక్కింటి నగ అడిగి పెట్టుకుంది. అడగటం తప్పు కాదు. కొటేషన్ గుర్తులు పెట్టి, కింద ఎవరిదో, ఏ సంవత్సరంలో ఎక్కడ అచ్చయిందో, ఏ పేజీలో వుందో రాస్తే ఆ వాక్యం యెంత గొప్పదైనా వాడుకోవచ్చు. చట్టం కూడా దాన్ని శాతంలో కలపదు. వాక్యం మనదైనా ఆలోచన వాళ్ళదైతే అప్పుడూ పేరు చెప్పాలి. ఇంతే విద్య! దీన్ని ఎం.ఏ. మొదటి సంవత్సరంలో ఒక్క పూట కూర్చోబెట్టి నేర్పితే చాలు. ఆ పిల్లకి నాలుగేళ్ళలో ఎవరూ నేర్పలేదు. నేర్పకుండా చివర కాటా ఎక్కించారు.

తెలుగులో థీసిస్ రాసేవాళ్ళకయితే కాటా కూడా లేదు. ఈ పిల్ల స్నేహితురాలికి సున్నా వచ్చిందట. పండగ చేసుకున్నారట. అసలు సంగతేమిటంటే, ఆ థీసిస్ పాతకాలపు అను ఫాంట్లలో టైపు చేసింది. అందులో మనకి తెలుగు కనిపిస్తుంది గానీ, యంత్రానికి లోపల వేరే గుర్తులు కనపడతాయి. దేశంలో థీసిస్‌లన్నీ దాచే శోధగంగలో తెలుగు థీసిస్‌లు చాలా వాటిని కాగితాలు ఫోటో తీసినట్టు స్కాన్ చేసి పెట్టారు. బొమ్మలో అక్షరాలు యంత్రం చదవలేకపోతే ఇరవయ్యేళ్ళనాటి థీసిస్ మొత్తం ఎత్తి రాసుకున్నా సున్నాయే. సున్నా చూసి మురిసిపోయేవాళ్ళు ఇది కూడా తెలుసుకుంటే మంచిది.

ఇక మాటలు మార్చటానికి నాలాంటి రచయిత్రి అక్కర్లేని రోజులొచ్చాయి. 2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక అరనిమిషంలో పేజీకి పేజీ తిరగేసి యిస్తోంది. ఆధారాలు అడిగితే ఆధారాలూ యిస్తుంది, లేని పుస్తకాల పేర్లతో సహా! న్యూయార్కులో యిద్దరు లాయర్లు అలాగే లేని కేసుల్ని వున్నట్టు కోర్టుకి చూపించి 2023లో 5,000 డాలర్ల జరిమానా వేయించుకున్నారు. వెనకటికి గిన్నెమీద పేరు గీకేవారు. ఇది గిన్నె లేకుండానే పేరు కొట్టించటం.

ఆ మధ్య ఒక సభలో ఒక పెద్దాయన నాతో వాదించారు. "మీరు మరీ చాదస్తం చేస్తున్నారు. మన సంప్రదాయంలో యిదంతా లేదండీ. రామాయణం ఎంతమంది రాయలేదు? ఇవి తెల్లవాళ్ళ పట్టింపులు" అని. చప్పట్లు కూడా కొట్టారు. నాకు వేదికమీద జవాబు తట్టదు, యింటికొచ్చి గిన్నెలు సర్దుతుంటే తడుతుంది. అయ్యా, రామాయణం రాసినవాళ్ళలో వాల్మీకి పేరు దాచినవాడు ఒక్కడుంటే చూపించండి! నన్నయ భట్టు వెయ్యేళ్ళ కిందట భారతం మొదలుపెడుతూ వ్యాసుణ్ణి చెప్పి వూరుకోలేదు. తనకి సాయం చేసిన నారాయణ భట్టు పేరు కూడా చెప్పాడు, భారతయుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు సాయపడ్డట్టు సాయపడ్డాడని. ఇప్పుడు ఏ ఆచార్యులు తన కింద పనిచేసిన పిల్లని కృష్ణుడంటాడు? కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారంవాడు. ఆధారం లేనిదేదీ రాయనని, అక్కర్లేనిదేదీ చెప్పనని ముందే ఒట్టుపెట్టుకుని మరీ రాశాడు. మణికొండనుంచి బస్సెక్కితే పూటలో వెళ్ళి రాగల వూరు. తెల్లవాళ్ళ దాకా ఎందుకు?

తెల్లవాళ్ళూ తక్కువ తినలేదు లెండి. 2017లో అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు బ్రూస్ హోల్సింగర్ పాత పుస్తకాల ముందుమాటల్లోంచి ఒక వింత పోగేసి చూపించాడు. రాతప్రతి మొత్తం టైపు చేసిపెట్టిన "నా భార్యకు కృతజ్ఞతలు" అని వుంటుంది. ఒక్కదాని పేరూ వుండదు! కొందరు టైపుతో ఆగలేదు, దిద్దారు, అనువదించారు, సమాచారం సేకరించారు. గైడుగారికి పేరుంది, గ్రంథాలయాధికారికి పేరుంది, భార్యకి మాత్రం భార్య అనే పేరే. మన పుస్తకాలు తీసి చూడండి, "నా సహధర్మచారిణి" అని వుంటుంది. సంస్కృతంలో వుందని సంతోషించాలి.

అసలు నన్ను కుదిపేసింది మా పిల్ల నాలుగో అధ్యాయం. అందులో రంగు పూసిన వాక్యం ఒక్కటీ లేదు. వూళ్ళో ఆడవాళ్ళతో మాట్లాడి రాసింది, చదువుతుంటే పుస్తకం కింద పెట్టబుద్ధి కాలేదు. ఒకచోట, భూములు అమ్మినప్పుడు మగవాళ్ళకి డబ్బు వచ్చింది, ఆడవాళ్ళకి పని పోయింది అని రాసింది. ఇదే ఈ పరిశోధనలో తేలిన ముఖ్యమైన విషయమని చివరి అధ్యాయంలోనూ రాసింది.

"ఎంత బాగా చెప్పావే! థీసిస్ అంతా ఈ ఒక్క మాటమీదే నిలబడింది" అన్నాను.

"అది నేనన్నది కాదు ఆంటీ. మన బ్లాకులో మూడో అంతస్తులో పనిచేసే అవ్వ లేదూ, ఆమె అంది."

"మరి ఆమె పేరేదీ?"

"ఆమెదని రాస్తే నీ కాంట్రిబ్యూషన్ ఏమిటంటారు ఆంటీ. పుస్తకమైతే ఆధారం చూపించొచ్చు. అవ్వని ఎలా చూపిస్తాం?"

రెండో అధ్యాయంలో ఎవరో అమెరికా ప్రొఫెసరు వాక్యాలు పదిలోపుకి తేవాలని ఆ పిల్లకి నిద్ర లేదు. నాలుగో అధ్యాయంలో అవ్వ ఆలోచన మొత్తం తీసుకుంది, ఆ సంగతే తెలియదు. యంత్రం సున్నా అంది, సారు సంతకం పెట్టారు.

నాకు ఆ పిల్లని కోప్పడే మొహం లేదు. నా మొదటి నవలలో ఒక వుత్తరం వుంది. కథానాయిక భర్తకి రాసే వుత్తరం. చదివినవాళ్ళంతా ఆ వుత్తరం గురించే మెచ్చుకున్నారు. అది మా మేనత్త ఎప్పుడో రాసుకుని పోస్టు చెయ్యకుండా పెట్టెలో దాచుకున్నది. పెట్టె సర్దుతుంటే నాకు దొరికింది. మాటలు మార్చానులెండి, బాగానే మార్చాను! నవల అచ్చయ్యాక అత్తయ్య చదివి, పుస్తకం మూసి, "ఉత్తరం బాగుందే" అంది. అంతకంటే ఒక్కమాట అనలేదు. రెండో ముద్రణలో ఆవిడ పేరు వేద్దామనుకున్నాను. అప్పటికి ఆవిడ లేదు.

పరిశోధనలో మాట్లాడినవాళ్ళ పేర్లు దాచాలనే నియమం వుందని నాకూ తెలుసు. యజమానురాలి గురించో, జీతం గురించో చెప్పినందుకు అవ్వ పని పోగొట్టుకోకూడదు గదా. ఆ నియమం మంచిదే. కానీ అది ఆమెను కాపాడటానికి పెట్టింది, ఆమె తెలివిని మనం జేబులో వేసుకోవటానికి కాదు. కష్టం చెప్పినచోట పేరు దాచు. ఆలోచన చెప్పినచోట, పేరు వెయ్యనా అని అడుగు. వద్దంటే మానెయ్యి, కనీసం ఇది నాది కాదు, ఆ వూరి ఆమె ఒకరు చెప్పారని రాయి. రాస్తే కాంట్రిబ్యూషన్ తగ్గిపోతుందట! నలుగురూ పక్కనుంచి నడిచి పోయిన మనిషి దగ్గర కూర్చుని, ఆ మాట విని, దాని విలువ గుర్తుపట్టటం కంటే గొప్ప కాంట్రిబ్యూషన్ ఏముంటుందో ఆ ఆచార్యులవారే చెప్పాలి. వైవాలో శాతాలు చదివే బదులు, "ఈ మాట నీకెవరు చెప్పారమ్మా?" అని ఒక్క ప్రశ్న వేస్తే సగం థీసిస్‌ల బండారం అక్కడే బయటపడుతుంది.

రెండో అధ్యాయం నేను మార్చలేదు. మూడు ఆదివారాలు మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆ పిల్లే రాసుకుంది. అక్కర్లేని వాక్యాలు తీసేసింది, వుంచినవాటికి గుర్తులు పెట్టి పేర్లు వేసింది. ఇంగ్లీషు కాస్త ముతకగానే వుంది. అర్థం మాత్రం అవుతోంది, ముందు అదీ అయ్యేది కాదు.

నాలుగో రోజు సాయంత్రం అవ్వ పని ముగించుకుని లిఫ్టు దగ్గర నిలబడితే యిద్దరం వెళ్ళి అడిగాం. పుస్తకంలో మీ మాట వుంది, మీ పేరు వెయ్యమంటారా అని. అవ్వకి ముందు అర్థం కాలేదు. "ఏ మాట బిడ్డా?" అంది. పిల్ల చదివి వినిపించింది. అవ్వ కాసేపు ఆలోచించింది. లిఫ్టు వచ్చింది, పోయింది.

"గది నా మాట గాదు బిడ్డా. మా అత్త అంటుండె, పొలం పోయిన్నాడు. గామె పేరు రాయి. నా పేరు రాస్తే ఆమె కింద రాయి."

ఆ పిల్ల సంచిలో పెన్ను వెతుక్కుంటోంది.